ఇద్దరు గులాం అలీలు

"నాకు ఈ పళ్లెంల పెట్టకుమని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

సంపత్ అన్నం పళ్లెం ముందుకు నెట్టాడు. పప్పు కొంచెం ఒలికి గచ్చు మీద పడింది.

కనకవ్వ దాన్ని తుడవలేదు. పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఏదీ తుడవలేదు, ఏదీ ఊడ్వలేదు. మోటారు షాపు మహబూబీ వచ్చి, గడప బయటే నిలబడి, నోటీసు నకలు కిటికీ ఊచల మధ్య దోపి, "చదివించుకో వదినె," అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో మహబూబీ గడప దాటకుండా తిరిగిపోవడం అదే మొదటిసారి. అప్పట్నుంచి కనకవ్వకు కాలూ చేయీ ఆడడం లేదు. నోరు మాత్రం ఆడుతోంది.

"ఇంట్ల ఉన్నయి ఆరు పళ్లాలు. ఆరింటి మీద ఒక్కటే పేరున్నది. ఏ పళ్లెంల పెట్టమంటవు మరి?"

బొగ్గుబాయిలో ఏ ప్రమాదమూ లేకుండా పనిచేసినందుకు రక్షణ వారోత్సవాల్లో కనకవ్వ భర్త ఎల్లేశంకు బహుమానంగా వచ్చిన స్టీలు పళ్లాలవి. అంచు మీద సన్నటి చుక్కలతో చెక్కి ఉంటుంది. గులాం అలీ, కోల్ ఫిల్లర్. తోమీ తోమీ అక్షరాలు అరిగాయి గాని పోలేదు.

"ఆకుల పెట్టు. లేకుంటే చేతుల పెట్టు."

"పెడత. ఆ బియ్యం గూడ గా పేరు మీదనే వస్తున్నయి. అవి గూడ ఏరి పారెయ్యమంటవా?"

కూలర్ ముందు నవారు మంచం మీద ఎల్లేశం దగ్గుతున్నాడు. దగ్గు ఆగినప్పుడు కూలర్ చప్పుడు, కూలర్ ఆగినప్పుడు దగ్గు. ఆ మంచం వైపు నుంచి మూడో చప్పుడు రావడం ఆమెకు తెలియదు.

కనకవ్వ నోటీసు తీసి కొడుకు ఒడిలో వేసింది. "చదువు. చదువుకున్నోనివి నువ్వే గదా ఇంట్ల."

"నాకు తెలుసు అండ్ల ఏమున్నదో."

"నాకు తెల్వది. చదువు."

సంపత్ గొణుగుతూ చదివాడు. ఒకే బూతులో గులాం అలీ, తండ్రి రజబ్ అలీ, వయసు అరవై నాలుగు అనే పేరు రెండుసార్లు ఉంది. అందులో ఒకరు కంపెనీ రిటైర్డు కార్మికుడు. రెండో మనిషి మోటారు వైండింగ్ షాపు నడుపుతున్న వ్యక్తి. అతను బయటినుంచి వచ్చి ఈ పేరు పెట్టుకున్న బోగస్ ఓటరు. కనుక తొలగించాలి. అభ్యంతరం పెట్టింది వార్డు లీడరు భూపాల్. విచారణ రేపు పదకొండు గంటలకు, తహసీల్ ఆఫీసులో.

"ఆధారం అని ఒక ముక్క ఉన్నదట గదా. పక్కింటి పోరి చదివింది. అది చదువకుండ దునికినవేంది?"

సంపత్ నోటీసు మడిచాడు. "బాపు అఫిడవిట్."

ఆ అఫిడవిట్ సంగతి కనకవ్వకు తెలుసు. పోయిన దసరా ముందు సంపత్ వారసత్వ ఉద్యోగం ఫైలు కోసం రాయించాడు. గులాం అలీ అన్నా ఎల్లేశం అన్నా ఒకే మనిషి, అది నేనే, ఆ పేరుతో వేరొకరు లేరు అని. రాసింది నోటరీ దగ్గరి గుమాస్తా. కింద సంతకం పెట్టింది ఎల్లేశం. గులాం అలీ అని పెట్టాడు. ఆయనకు రాయవచ్చిన అక్షరాలు అవే. వాటిని సుద్దముక్కతో షాపు గచ్చు మీద రాసి నేర్పింది కూడా అసలు గులాం అలీయే.

"అది నీ నౌకరీ కాయితం. భూపాల్ చేతికెట్ల పోయింది?"

"నకలు ఇచ్చిన. ఫైలు కదుపుతనన్నడు భూపాలన్న."

"ఫైలు కదిపిండా?"

సంపత్ నోటీసు మడతను గోటితో గీశాడు.

"ఫైలు కదుపలే. గులామన్నను కదిపిండు."

"నాకు తెల్వది అవ్వా, గిట్ల వాడుతడని! ఒట్టు." సంపత్ గొంతు ఒక్క క్షణం చిన్నప్పటి గొంతయింది. వెంటనే మళ్లీ బిగిసింది. "అయినా తెలిస్తే మాత్రం ఏం చేద్దును? ఆ పేరే గదా నా నౌకరీని మింగింది. డాక్టర్లు బాపును అన్‌ఫిట్ అన్న నాడు నా పదో తరగతి మెమో చూసి ఏమన్నరు? 'నీ తండ్రి ఎల్లేశం అని ఉన్నది, మా రికార్డుల గులాం అలీ ఉన్నడు, నువ్వెవని కొడుకువురా' అన్నరు. అందరి ముంగట నవ్విన్రు. బాపు తోటి పనోళ్ల పిల్లలు కంపెనీల హాయిగ ఉన్నరు, నేను కంట్రాక్టు కింద డంపర్ తోలుకుంట దుమ్ము తింటున్న. ఒక తురకాయిన పేరు మోసుకుంట."

"మోసింది మీ బాపు. నువ్వు దానిమీద కూసొని వచ్చినవు."

"వాళ్లను నువ్వు ఎప్పుడూ ఎన్కేసుకొస్తవు. ఈ గల్లీల నలభై మూడు నోటీసులు వచ్చినయి. ఊకెనే వస్తయా? ఎవరు ఎక్కడినుంచి వచ్చిన్రో, ఎవరికి తెలుసు?"

కనకవ్వకు ఆ మాటకు నవ్వు వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు అప్పుడప్పుడు నవ్వు వస్తుంది.

"గులామన్న ఎక్కడినుంచి వచ్చిండో నీకు తెల్వదా? మంథని అవతలి ఊరి నుంచి మీ బాపు, నేను మూట నెత్తిన పెట్టుకొని దిగిన నాడు ఆయిన ఈడనే ఉన్నడు. బయటినుంచి వచ్చినోళ్లమంటే మనమేరా. ఆ నోటీసు మనకు రావాలె."

సంపత్ ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"ఆయిన అన్న బాయిల కప్పు కూలి సచ్చిపోయిండు. నలభయ్యో దినం ఫాతెహా కూడ కాలేదు, గులామన్నకు నౌకరీ పిలుపు కాయితం వచ్చింది. తల్లి కాళ్ల మీద పడ్డది, దిగకు బిడ్డా అని. గప్పట్ల గసొంటి కాయితానికి ఎడ్ల జత ఇచ్చి కొనుక్కున్నోళ్లున్నరు. మీ బాపు షాపు ముంగట నిలబడి ఉన్నడు, రెండు రోజుల సంది తినలే. ఏమని ఇచ్చిండు? 'బావా, నా పేరు ఊకెనే పడి ఉన్నది, నువ్వు వాడుకో' అన్నడు. మీ బాపు తోటి ఒక చాయ తాగిపిచ్చుకున్నడు. గంతే."

"గదే అంటున్న. అది మోసం. ఇద్దరూ చేసిన్రు."

"చేసిన్రు. ఆ మోసమే తిని పెరిగినవు. తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నవు గాని, ఒక్కసారి తలకాయ ఎత్తి ఆ వాసాలు ఎవరివో చూడు."

మంచం కిర్రుమంది. ఎల్లేశం లేచి కూర్చున్నాడు. నవారు చారలు ఆయన బనీను వీపు మీద అచ్చుపడి ఉన్నాయి.

"రేపు నేను పోత," అన్నాడు.

తల్లీ కొడుకూ ఇద్దరూ అటు తిరిగారు.

"పోయి ఏం చెప్తవు బాపూ?" సంపత్ లేచి నిలబడ్డాడు. "నేను ఎల్లేశంను, ముప్పై ఎనిమిదేండ్లు వేరేటోని పేరు మీద పని చేసిన అని చెప్తవా? నీ పింఛను బందయితది. నా ఫైలు గోదాట్ల కలుస్తది. కేసు గూడ అయితది. అవ్వకు రేపటినుంచి నువ్వు దగ్గు అమ్మి అన్నం పెడతవా?"

ఎల్లేశం కూలర్ వైపు చూశాడు.

"చూసినవా," అన్నాడు సంపత్ తల్లితో. "ఆయనకు గూడ తెలుసు."

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. పళ్లెం అట్లాగే ఉంది. అంచు మీది పేరు చుట్టూ ఈగ ఒకటి తిరుగుతోంది.

*

నాలుగు గంటలైనా ఎండ దిగలేదు. కొంగు నెత్తి మీద కప్పుకుని కనకవ్వ షాపుకు వెళ్లింది.

గులాం అలీ కింద కూర్చుని, కళ్లద్దాలు ముక్కు కొసన పెట్టుకుని రాగి తీగ చుడుతున్నాడు. పక్కన బల్ల మీద ఆయన కూతురు షిరీన్ కాగితాల మధ్య ఉంది. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. వారం రోజులుగా బడి కాగానే వచ్చి నలభై మూడు నోటీసులకు నలభై మూడు జవాబులు రాస్తోంది. ఒక్కొక్కరి పుట్టిన కాగితం, బడి కాగితం, కరెంటు బిల్లు, ఒక్కొక్కటీ పిన్నుతో గుచ్చి.

"రా చెల్లె, కూసో. గాలికి కూసో," అన్నాడు గులాం అలీ, ఏమీ జరగనట్టే.

"గాలి వద్దు, ఏం వద్దు. రేపు ఏం చెప్తవు అన్నా?"

"ఏం చెప్త? నా కార్డు చూపెడత. వాళ్లు నమ్ముతె నమ్ముతరు."

"నమ్మరు అబ్బా!" షిరీన్ తండ్రి వైపు తిరిగి కలం కింద పెట్టింది. "మీ ఇద్దరి కార్డులు ఒక్కటే తీరుగ ఉన్నయి. పేరు, తండ్రి పేరు, వయసు. ఎల్లేశం మామ కంపెనీ క్వార్టర్ల ఉన్నన్ని దినాలు వేరే బూతు, ఎవరూ చూడలే. రిటైరై ఈ గల్లీకి వచ్చిన్రు, రెండు పేర్లు ఒక్క తాన పడ్డయి. ఎందుకు పడ్డయో నువ్వు చెప్పాలె. లేకుంటే మామ చెప్పాలె."

"నేను చెప్ప."

"ఎందుకు చెప్పవు?"

"నా నోటితోటి చెప్తే వాని కూడు పోతది. ఇచ్చిన వస్తువను మళ్ల నాదని అడుగుతరా ఎవరన్న?" గులాం అలీ తీగ చుట్టడం ఆపలేదు. "ఒక ఓటు పోతే ఏమైతదే? నలభై ఏండ్ల సంది వేసిన. ఎవడు గెలిచినా గల్లీల మోరి తీసినోడు లేడు."

"ఒక ఓటు కాదు!" షిరీన్ గొంతు లేచింది. మళ్లీ తగ్గించుకుంది. కనకవ్వ వైపు తిరిగింది. "అత్తా, నలభై మూడు మందిల నలభై రెండు మందికి నేను కాయితం చూపియ్యగల్గుత. భూపాల్ తాన ఆధారం అన్నది ఒక్కటే ఉన్నది, అది అబ్బాది. రేపు పొద్దుగాల మొదలు అదే పిలిపిస్తున్నడు. ఒక్కటి బోగస్ అని రాసిన్రనుకో, మిగిలినోళ్ల కాయితాలు ఎవరు చూస్తరు? అన్నీ ఒక్కటే కట్ట కింద కొట్టేస్తరు. ఓటు తీసినంక రేషన్ అంటరు. రేషన్ తీసినంక మీది ఏ ఊరు అంటరు."

కనకవ్వ వింటోంది.

"మేము దయ అడుగుతలేం అత్తా. ఉన్నది ఉన్నట్టు మామ చెప్పాలె అంటున్న. నాకు తెలుసు దాంట్ల మీకు ఏం పోతదో. తెలిసే అడుగుతున్న."

లోపలి పరదా కదిలింది. మహబూబీ చేయి ఒకటి బయటికి వచ్చి చాయ గ్లాసు గడప మీద పెట్టి వెనక్కి పోయింది. మనిషి రాలేదు.

"వదినె," అని పిలిచింది కనకవ్వ.

పరదా వెనుక గిన్నెల చప్పుడు ఆగింది.

"ఓటు కాయితంల నువ్వూ గులాం అలీ పెండ్లానివే, నేనూ గులాం అలీ పెండ్లాన్నే. ఇన్నేండ్లల్ల ఇద్దరం ఒక్కనాడన్న కొట్లాడినమా? ఇప్పుడెందుకు మాట్లాడవు?"

"కొట్లాట నీతోటి కాదు వదినె," లోపలినుంచి మెల్లగా వచ్చింది. "సంపత్‌కు పాలు తాగిపిచ్చిన నేను. నీకు టైఫాయిడ్ వచ్చిన నెల. వానికి యాదిచెయ్యి. గంతే."

కనకవ్వ చాయ అందుకుంది గాని తాగలేకపోయింది. గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"మీ మగోళ్లతోటి నేను వేగలేను అన్నా. ఆయిన దగ్గుతడు, మాట్లాడడు. నువ్వు నవ్వుతవు, మాట్లాడవు. ఇద్దరూ ఒకరి కూడు ఒకరు కాపాడుకుంట కూసోండ్రి. మాట్లాడేదంత భూపాలే మాట్లాడుతున్నడు."

గులాం అలీ చేతిలో తీగ ఆగింది.

*

తహసీల్ ఆఫీసు వరండాలో బెంచీలన్నీ నిండాయి. నిలబడినవాళ్లే ఎక్కువ. నలభై మూడు ఇళ్లవాళ్లు, నలభై మూడు ప్లాస్టిక్ కవర్లు. షిరీన్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి కాగితాల వరుస సరిచూస్తోంది.

ఎల్లేశం తెల్ల చొక్కా వేసుకున్నాడు. రిటైరైన రోజు దండ వేసినప్పటి చొక్కా. ఇంటినుంచి ఆటోలో వచ్చినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. వస్తున్నాడా, వచ్చి చెబుతాడా, లేక ఊరికే వచ్చి కూర్చుంటాడా అని కనకవ్వ అడగలేదు. అడిగితే దగ్గుతాడు.

గులాం అలీ బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, పలకరించుకోలేదు. బావా అని పిలవకుండా ఆ ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చోవడం చూడాల్సి వస్తుందని కనకవ్వ అనుకోలేదు.

భూపాల్ బండి మీద వచ్చాడు. వెనుక సంపత్. చంకలో నీలం రంగు ఫైలు కవరు. ఆ కవరు లేకుండా వాడు ఎక్కడికీ వెళ్లడు. ఏ ఆఫీసులో ఎవరు కనికరిస్తారోనని నాలుగేళ్లుగా దాన్ని మోస్తున్నాడు.

"పెద్దవ్వా, ఎండల ఎందుకచ్చినవు?" అన్నాడు భూపాల్ మర్యాదగా. వాడి మర్యాదకే కనకవ్వకు మండుకొచ్చింది.

"ఎండ నాకొక్కదానికే ఉన్నదా?"

లోపలికి పిలిచారు. గదిలో బల్ల వెనుక ఒక ఆఫీసరమ్మ ఉంది. అలసిన మొహం. ఆమె ముందు కాగితాల కట్టలు. పక్కన అటెండరు జాబితా పట్టుకుని నిలబడ్డాడు.

"గులాం అలీ! తండ్రి రజబ్ అలీ!"

"హాజిర్!"

చేయి పైకెత్తి, నడుం నిటారుగా చేసి నిలబడింది ఎల్లేశం.

ముప్పై ఎనిమిదేళ్లు హాజరు మస్టర్ దగ్గర ఆ పేరు పిలవగానే లేచిన చేయి. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు. నిద్రలో పిలిచినా లేచే చేయి. ఎవరూ చెప్పకుండానే లేచింది.

అసలు గులాం అలీ సగం లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు.

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. భూపాల్ చేతులు కట్టుకున్నాడు. "ఇగో మేడం. నేను చెప్పే పనే లేకపాయె. పేరు గలాయినె లేచిండు."

కనకవ్వ నుదురు కొట్టుకుంది. నిజం చెప్పడానికి వచ్చిన మనిషి, నోరు తెరవకముందే అబద్ధానికి సాక్ష్యం చెప్పి కూర్చున్నాడు. ఈ మనిషితో తాను ఇంతకాలం ఎట్లా బతికిందో ఆమెకే అర్థం కాలేదు.

ఎల్లేశం పైకెత్తిన చేతిని చూసుకున్నాడు. మెల్లగా దించాడు.

"అలవాటు మేడం," అన్నాడు. "బాయి అలవాటు. ఆ పేరు నాది కాదు."

అటెండరు జాబితా దించాడు.

"ఆ పేరు గాయినది." బెంచీ వైపు చూపించాడు. "నేను ఎల్లేశంను. మాది మంథని అవతల. నౌకరీ కాయితం గాయినకు వచ్చింది. తల్లి దిగనియ్యలే. నాకు ఇచ్చిండు. నేను దొంగిలించలే, గాయిన అమ్మలే. వాడుకున్న. బాయిల నన్ను అలీ అన్నరు, పలికిన. ఇగ చాలు. ఎవని పేరు వానికి వాపస్ ఇస్తున్న. రాసుకోండ్రి."

అంత పొడుగు మాట ఆయన నోటినుంచి కనకవ్వ పెళ్లినాడు కూడా వినలేదు.

గులాం అలీ "ఎందుకు బావా," అన్నాడు. షిరీన్ తండ్రి భుజం మీద చేయి వేసింది.

"ఇదంత మాట్లాడుకొని వచ్చిన ముచ్చట మేడం," అన్నాడు భూపాల్. "నోటి మాటకేమున్నది? అఫిడవిట్ మీద సంతకం ఆయనదే గదా."

ఆఫీసరమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. "పెద్దాయనా, మీరు చెప్పింది రాసుకుంటాను. దానివల్ల మీకేం నష్టమో తెలుసు కదా? తెలిసే చెప్పారు కదా? సరే. కానీ మాట ఒక్కటే సరిపోదు. మీ పేరు ఎల్లేశం అని ఉన్న కాగితం ఒక్కటి చూపించండి. ఏదైనా సరే, పాతది. అది చూస్తే ఈ పేరు ఆయనదే అని నేను రాయగలను. లేకపోతే ఈ అఫిడవిట్ నా ముందు ఉంది. మధ్యాహ్నం ఒంటి గంటకు ఉత్తర్వు మీద సంతకం పెట్టాలి."

గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది.

కనకవ్వ మనసులోనే ఇల్లంతా వెతికింది. ట్రంకు పెట్టె తీసింది. ఆధార్, గులాం అలీ. బ్యాంకు పుస్తకం, గులాం అలీ. దవాఖాన కార్డు, గులాం అలీ. తన కార్డులో భర్త పేరు, గులాం అలీ. పెళ్లికి పత్రిక అచ్చేయించిన కాలం కాదు, ఇల్లూ కాదు. ఆ మనిషి సొంత పేరు ఆ ఇంట్లో ఎక్కడా రాసి లేదు.

ఒక్కచోట తప్ప.

ఆమె తల తిప్పింది. సంపత్ తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఉన్నాడు. నీలం ఫైలు కవరును రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకున్నాడు. అందులో అన్నిటికన్నా కింద, వాడి పదో తరగతి మెమో ఉంటుంది. వాడికి నౌకరీ రాకుండా చేసిన మెమో. తండ్రి పేరు దగ్గర ఎల్లేశం అని అచ్చయిన మెమో.

నిన్నటినుంచి ఆగకుండా ఆడిన ఆమె నోరు ఇప్పుడు పెగల్లేదు. ఇయ్యరా అనలేదు. పాలు గుర్తుచెయ్యలేదు. చూస్తూ ఊరుకుంది.

భూపాల్ కూడా అటే చూశాడు. రెండడుగులు వేసి సంపత్ పక్కన నిలబడి, వాడి భుజం మీద చేయి వేశాడు. "పోదాం పా తమ్మీ," అన్నాడు మెత్తగా. "పైన సారు నీ ఫైలు గురించి మాట్లాడుతనన్నడు. ఒంటి గంటకే టైం ఇచ్చిండు."

సంపత్ కదలలేదు. కవరు జిప్పు మీద వాడి బొటనవేలు అటూ ఇటూ జరుగుతోంది.

ఆఫీసరమ్మ తల ఎత్తింది. తల్లి ముఖం చూసింది, ఆ చూపు వెంట తలుపు వైపు చూసింది.

"బాబూ, నువ్వు ఈయన కొడుకువా?"

"అవును మేడం."

ఆమె కలం తెరిచి కాగితం మీద ఆనించింది.

"మీ నాన్న పేరేంటి?"